ఏ ఇంటి చిన్నమామ

నాకు పదకొండేళ్లప్పుడు మా అమ్మ ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఒక చీటీ పంపింది. తెలిసినాయన ఒకాయన బస్సెక్కుతుంటే, మడిచిన కాగితం, కవర్లో మూడు వేల రూపాయలు ఆయన చేతికిచ్చి, మా పెద్దమ్మ ఇంట్లో ఇయ్యమంది. చీటీలో రెండే ముక్కలు: "ఈ డబ్బు చిన్నమామకు ఇయ్యండి. మిగతాది వచ్చే నెల." బస్సులో గంట ప్రయాణం. ఆ రోజు పెద్దమ్మ ఇంట్లో లేదు, మంత్రాలయం పోయింది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలుంది. ఆమె చీటీ చదివింది, సాయంత్రం దీపాలు పెట్టేలోగా డబ్బు తీసుకుపోయి చిన్నమామ చేతిలో పెట్టింది. ఆమె చిన్నమామ చేతిలో. అంటే వాళ్ల మామగారి తమ్ముడి చేతిలో.

అమ్మ రాసింది తన చిన్న మేనమామ గురించి. ఆయన ఇల్లు అక్కడికి రెండు వీధులవతల. అమ్మ ఆయన దగ్గర చేబదులు తీసుకుంది, తీర్చే రోజొచ్చింది. వారం తర్వాత ఆయన ఆదోనికొచ్చి, "ఏమ్మా, పంపిస్తానంటివే" అని అడిగేదాకా ఎవరికీ తెలియదు. అటు డబ్బు అందుకున్న ఆ పెద్దమనిషి, కోడలు తెచ్చిచ్చిందంటే ఇంటి పెద్దలు ఏదో పనికి పంపింటారనుకుని డబ్బు బీరువాలో పెట్టుకున్నాడు. డబ్బు తిరిగొచ్చింది. మాట మాత్రం చాలా రోజులు నలిగింది. "రాసింది నేను కదా, నా చిన్నమామని తెలీదా?" అని అమ్మ. "కోడలిదేం తప్పు? రాసినట్టే చేసింది. నేనుంటే ఇట్లయ్యేదా?" అని పెద్దమ్మ.

ఇద్దరి మాటా నిజమే. పెద్దమ్మ ఉండుంటే పొరపాటు జరిగేది కాదు, ఎందుకంటే అమ్మకు ఎవరు చిన్నమామో ఆమెకూ ఆయనే చిన్నమామ. కాగితం మీద పడేసరికి ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో ఆ ఆనవాలు పోయింది. చదివినవాళ్ల ఇంటి అర్థం వచ్చి దాని మీద కూర్చుంది.

పదిహేనేళ్లుగా ప్రోగ్రాములు రాసి బతుకుతున్నాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఏళ్ల తరబడి నడిచిన ఒక తగాదాను ఇంతకంటే సూటిగా చెప్పే కథ నాకు ఇంకోటి దొరకలేదు. ఆ తగాదా నన్ను ఎంత పీడించిందో, అందులోంచి నేనేం నేర్చుకున్నానో చెప్పాలని చాన్నాళ్లుగా ఉంది.

పైథాన్‌లో ఒక పేరు పక్కన ఇది ఎలాంటి వస్తువో రాసి పెట్టుకోవచ్చు. 'తూకం' అనే పేరు పక్కన 'ఇది అంకె', 'రైతు' పక్కన 'ఇది మనిషి వివరం' అని. దీన్నే టైప్ అన్నొటేషన్ అంటారు. 2008లో వచ్చిన పైథాన్ 3.0లోనే ఫంక్షన్ల (ఒక్కో పని చేసే ప్రోగ్రాము ముక్కల) పక్కన ఇలా రాసే చోటు పెట్టారు. ఏం రాయాలో, దానికి అర్థమేమిటో మాత్రం చెప్పలేదు. ఆ అర్థాన్ని గిడో వాన్ రోసమ్, యుక్కా లేహ్తోసలో, వుకాష్ లాంగా కలిసి పెప్ 484గా రాశారు (పైథాన్‌లో మార్పుల కోసం రాసే ప్రతిపాదనను పెప్ అంటారు), 2015లో పైథాన్ 3.5తో అది వాడుకలోకొచ్చింది. పైథాన్ తనంతట తాను ఈ రాతను తనిఖీ చెయ్యదు, దానికి వేరే తనిఖీ సాధనాలున్నాయి. కానీ ఫైలు చదివేటప్పుడు దాని అర్థాన్ని అక్కడికక్కడే తేల్చేది. 'రైతు' అని రాస్తే, రైతు ఎవరని ఆ క్షణానే వెతికేది.

చిక్కంతా అక్కడే మొదలైంది. మా చిన్నాయనకు ఆదోని మార్కెట్ యార్డులో కమీషన్ అంగడి ఉంది. పత్తి, వేరుశనగ, ఆముదాలు. పత్తి సీజన్లో ఆ యార్డు చూడనివాళ్లకు మాటల్లో చెప్పడం కష్టం. తెల్లవారకముందే ట్రాక్టర్లు, ఐచర్లు బారులు తీరతాయి. కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి కూడా వస్తాయి. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే కుప్ప పక్కన కలిసి వినబడతాయి. పొద్దున కుప్పకు లాటు నంబరు పడుతుంది, ధర తర్వాత తేలుతుంది. రైతు పొద్దుటి నుంచి ఆ నంబరు చీటీ పట్టుకుని, దాని విలువ ఎంతో తెలియకుండా, కుప్ప పక్కనే కూర్చుంటాడు. పేరు ముందు, విలువ వెనక. ఇది మా ఊరికి కొత్త సంగతి కాదు.

చిన్నాయన ఎర్ర అట్ట పుస్తకాల్లో రాసుకునే లెక్కను కంప్యూటర్లోకి ఎక్కిస్తానని నేను పూనుకున్నాను. రెండు క్లాసులు, అంటే వివరాల నమూనాలు, రాశాను. ఒకటి రైతు, రెండోది లాటు. రైతు వివరంలో అతని లాట్లన్నీ ఉండాలి. లాటు వివరంలో అది ఏ రైతుదో ఉండాలి. పైథాన్ పైనుంచి కిందికి చదువుతుంది. రైతు దగ్గర 'లాటు' అనే పేరు కనబడగానే లాటు ఏదని వెతికింది. లాటు ఇంకా పుట్టలేదు, అది కింద ఉంది. 'ఈ పేరు నాకు తెలియదు' అని ఆగిపోయింది. లాటును పైకి జరిపితే, లాటు దగ్గర రైతు తెలియదంది. పుట్టబోయే పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెడితే ప్రస్తుతానికి ఊరుకుంటుంది. కొటేషన్లో పెడితే అది వట్టి రాత, స్ట్రింగ్. ఇప్పుడు వెతకొద్దు, తర్వాత చూసుకుందామని చెప్పడం. పేరు పేరుకూ ఇలా గుర్తులు పెట్టుకుంటూ పోవడం చేతికి నొప్పి, కంటికి రోత.

లాంగా 2017లో పెప్ 563 రాసింది ఇందుకే. ఫైలు నెత్తిన ఒక్క లైను పెడితే చాలు: 'ఫ్రమ్ __ఫ్యూచర్__ ఇంపోర్ట్ అన్నొటేషన్స్'. ఆ ఫైల్లోని అన్నొటేషన్లన్నీ వాటంతటవే స్ట్రింగులైపోతాయి. ఏదీ ఇప్పుడు తేల్చరు, అడిగినప్పుడు తేలుస్తారు. ఎవరూ చదవని అన్నొటేషన్లను మొదట్లోనే తేల్చడానికి పట్టే సమయం కూడా మిగులుతుంది. 2018 జూన్‌లో పైథాన్ 3.7తో ఇది వచ్చింది. నేను సంతోషంగా ప్రతి ఫైలు నెత్తినా ఆ లైను పెట్టాను. దాని వెంటే ఇంకో అలవాటూ వచ్చింది. రైతు ఒక ఫైల్లో, లాటు ఇంకో ఫైల్లో ఉండి ఒకరినొకరు పిలుచుకుంటే చక్రం తిరిగినట్టు ఇరుక్కుపోతాయి. అందుకని ఆ పిలుపును, అంటే ఇంపోర్టును, తనిఖీ సాధనానికి మాత్రమే కనబడేలా, ప్రోగ్రాము నడిచేటప్పుడు లేనట్టుగా ఒక షరతు కింద దాచేస్తారు. రాతలో ఆ పేరుంటుంది. నడిచే ప్రోగ్రాములో ఆ పేరు గల మనిషి ఉండడు.

అన్నొటేషన్లను కేవలం తనిఖీ సాధనాలే చదివితే దీనివల్ల ఏ బాధా లేదు. కానీ అప్పటికే వాటిని నడుస్తున్న ప్రోగ్రాములే చదవడం మొదలుపెట్టాయి. డేటాను సరిచూసే లైబ్రరీలు, వెబ్ చట్రాలు 'ఇక్కడ అంకె అని రాశావు కదా, మరి వచ్చింది అక్షరాలేమిటి' అని నిలదీస్తాయి. అలా నిలదీయాలంటే స్ట్రింగును తిరిగి అర్థంగా మార్చుకోవాలి. పైథాన్‌లో ఒక పేరుకు అర్థం అది ఉన్న చోటును బట్టి ఉంటుంది. ఫంక్షన్ లోపల పుట్టిన పేరు ఆ ఫంక్షన్ లోపలే తెలుసు. స్ట్రింగుకు ఆ లోపలి జాడ ఉండదు. విప్పేవాడు సాధారణంగా ఫైలు పై స్థాయిలోని, ఏ ఫంక్షన్ లోపలా లేని పేర్లలో మాత్రమే వెతకగలడు. అక్కడ దొరక్కపోతే ప్రోగ్రాము తప్పు చూపించి ఆగుతుంది. ఆగితే ఒక రకంగా అదృష్టమే. అదే పేరుతో అక్కడ ఇంకొకటుంటే?

నాకు జరిగింది అదే. పత్తికి, ఆముదాలకు లాటు వివరాలు వేరు. పత్తి లాటు క్వింటాళ్లలో రాసుకుంటాం. ఆముదాలకు ముందు బస్తాల లెక్క, తూకం తర్వాత. ఫైలు పైన పత్తి కోసం 'లాటు' రాశాను. ఆముదాల కోసం ఒక ఫంక్షన్ లోపల వేరే 'లాటు' రాసి, దాని కిందే నమోదు వివరం రాశాను. కళ్లతో చదివితే ఎవరికైనా స్పష్టం, పక్కనే ఉన్న లాటే ఆ లాటు. కానీ అంతా స్ట్రింగులయ్యాక నేను వాడిన లైబ్రరీకి చేరింది 'లాటు' అనే మాట ఒక్కటే. అది పైకి పోయి పత్తి లాటును తెచ్చుకుంది. ఏ తప్పూ చూపలేదు. ఆముదాల బస్తాల సంఖ్య క్వింటాళ్ల గడిలో కూర్చుంది.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. చిన్నాయన దీపం కింద ఎర్ర అట్ట పుస్తకం తెరిచి, వేలితో వరుస వెంట కిందికి జారుతూ, నా స్క్రీన్ మీది అంకె చూసి, మళ్లీ పుస్తకం చూసి, "ఇది బస్తాల లెక్క కదప్పా, క్వింటాలని ఎట్లొచ్చె?" అన్నాడు. రైతుకు ఇంకా డబ్బు లెక్క కట్టలేదు కాబట్టి సరిపోయింది. అంగడి ముందు ఆ రైతు తుండుగుడ్డ పరుచుకుని టీ తాగుతున్నాడు. తప్పు దొరకడానికి నాకు రెండు రోజులు పట్టింది. దొరికాక మొదట గుర్తొచ్చింది ఎమ్మిగనూరులో మా పెద్దమ్మ కోడలు. చదివినదాన్ని చదివినట్టు, తన ఇంటి అర్థంతో, నమ్మకంగా చేసుకుపోయింది.

ఈ సంగతి నా ఒక్కడికే ఎదురవ్వలేదు. పెప్ 563 పద్ధతిని పైథాన్ 3.10లో అందరికీ తప్పనిసరి చేయాలని అనుకున్నారు. 2021 ఏప్రిల్‌లో, బీటా విడుదల దగ్గరపడ్డాక, డేటాను సరిచూసే పైడాంటిక్ లైబ్రరీ కర్త సామ్యూల్ కోల్విన్ దీనివల్ల తమ లైబ్రరీ దెబ్బతింటుందని గట్టిగా చెప్పాడు. పైడాంటిక్ మీద ఆధారపడిన వెబ్ చట్రం ఫాస్ట్ఏపీఐ కర్త సెబాస్టియన్ రమీరెస్ కూడా గొంతు కలిపాడు. పైథాన్ స్టీరింగ్ కౌన్సిల్ ఏప్రిల్ 20న ఆ మార్పును వెనక్కి తీసుకుంది. చివరి నిమిషంలో వెనకడుగు వేశారని కొందరు తప్పుపట్టారు. నా దృష్టిలో పైథాన్ పెద్దలు తీసుకున్న మంచి నిర్ణయాల్లో అదొకటి. అర్థాన్ని వాయిదా వేయాలన్న ఆలోచనలో తప్పు లేదు. వాయిదా వేసినదాన్ని కాగితం ముక్కగా మార్చడంలో ఉంది తప్పు.

ఆ ఏడాది జనవరిలోనే లారీ హేస్టింగ్స్ ఇంకో దారి చూపించి ఉన్నాడు, పెప్ 649. అన్నొటేషన్‌ను స్ట్రింగుగా కాదు, ఒక చిన్న ఫంక్షన్‌గా దాచాలన్నాడు. అడిగినప్పుడే అది నడుస్తుంది, కానీ తాను పుట్టిన చోటి పేర్లన్నీ దానికి అందుబాటులోనే ఉంటాయి. మా ఇంటి లెక్కలో చెప్పాలంటే, చీటీ పంపడం మానేసి మనింటి పిల్లవాణ్ని పంపడం. "చిన్నమామంటే ఎవరు?" అని అడిగితే వాడు తన ఇంటి చిన్నమామ గడపకే తీసుకుపోతాడు.

ఇలాంటిదే నేను పెద్దమ్మ ఇంట్లోనూ చూశాను, అక్కడ గుంట మగ్గం ఉండేది. ఎమ్మిగనూరు నేతకు పేరున్న ఊరు, మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టాడు. పడుగు అయిపోవచ్చినప్పుడు పెద్దమ్మ దాన్ని మగ్గం నుంచి పూర్తిగా తీసేది కాదు. పాత పడుగు కొసలు అచ్చు పళ్ల సందుల్లోనే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే వాటికి కలిపేది. రెండు కొసలు పట్టుకుని, బూడిద అద్దిన బొటనవేలు చూపుడువేళ్ల మధ్య ఒక్క మెలి. మళ్లీ ఇంకో పోగు. వందల పోగులు, గంటల తరబడి, మాట్లాడుతూనే, చూపు తిప్పకుండా. అలా కలిపాక మెల్లగా ముందుకు లాగితే ప్రతి కొత్త పోగూ తన పాత పోగు దారి వెంటే అచ్చు దాటుకుని వచ్చేది. పాతదాన్ని కోసి పారేస్తే ఏ పోగు ఏ సందులోదో మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి. హేస్టింగ్స్ ప్రతిపాదన చదివిన రోజు నాకు ఆ వేళ్లు కళ్లముందు కదిలాయి. పని తర్వాత చేసుకోవచ్చు, దారి మాత్రం తెంచకూడదు.

పెప్ 649ను 2023లో ఒప్పుకున్నారు. మిగిలిన చిక్కుముళ్లను యెల్లె జైల్‌స్ట్రా పెప్ 749లో సర్దాడు. అంతా కలిసి 2025 అక్టోబరు 7న విడుదలైన పైథాన్ 3.14లో వాడుకలోకి వచ్చింది. రైతు, లాటు ఒకే ఫైల్లో ఇప్పుడు ఏ కొటేషన్లూ లేకుండా ఒకరినొకరు పిలుచుకోగలవు.

అయినా వాయిదాకు ఒక మూల్యం ఉంది, అది ఈ పద్ధతిలోనూ పోలేదు. మా జేజినాయన భూమి దస్తావేజు ఒకటి మా ఇంట్లో ఉంది. 1947 నాటిది. అందులో 'బళ్ళారి జిల్లా ఆదోని తాలూకా' అని ఉంటుంది. రాసిన రోజున అది అక్షరాలా నిజం. ఎమ్మిగనూరు సంఘం పెట్టిన 1938లో కూడా ఈ ప్రాంతం ఉమ్మడి మద్రాసులో బళ్ళారి జిల్లానే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాకు, రాయదుర్గం అనంతపురం జిల్లాకు వచ్చాయి, మిగతా బళ్ళారిలో ఎక్కువ భాగం మైసూరుకు పోయింది. ఆ దస్తావేజు పట్టుకుని ఈ రోజు బళ్ళారి పోతే అక్కడ ఆదోని లేదు. ఇంకా దగ్గరి సంగతి, 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా విడిపోయింది. అంతకుముందు నంద్యాలవాసి ఒకరు 'మాది కర్నూలు జిల్లా' అని రాసిన దరఖాస్తును ఇప్పుడు విప్పితే అర్థం వేరు. చోటు మారలేదు, రాత మారలేదు. రాసినప్పటికీ విప్పినప్పటికీ నడుమ పేరు చెప్పే సంగతి మారింది.

పైథాన్ 3.14లో ఇదే జరుగుతుంది. నా పాత క్లాసులో ఒక ఫంక్షన్ 'లిస్ట్' ఇస్తుందని పైన రాసి, ఆ క్లాసు చివర్లో 'లిస్ట్' పేరుతోనే ఇంకో ఫంక్షన్ పెట్టాను. ఆ ఫ్యూచర్ లైను లేని ఫైల్లో మునుపు పైనుంచి చదువుతూ అక్కడికక్కడే తేల్చేది కాబట్టి, పైనున్న లిస్ట్ అంటే పైథాన్ సొంత జాబితానే. ఇప్పుడు క్లాసంతా పూర్తయ్యాక అడిగితే, లిస్ట్ అంటే చివర్లో నేను పెట్టిన ఫంక్షన్. ఈ పొరపాటును సరిదిద్దుకోవాల్సింది నేనే. రెండు వేర్వేరు సంగతులకు ఒకే పేరు పెట్టింది నేను కదా.

ఇంకో నష్టం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 'లాటు'ను 'లోటు' అని తప్పుగా టైపు చేస్తే, ఆ ఫ్యూచర్ లైను లేనిచోట మునుపు ఫైలు తెరిచిన క్షణానే బయటపడేది. ఇప్పుడు ఎవరైనా ఆ అన్నొటేషన్‌ను అడిగేదాకా అది నిద్రపోతుంది. పొద్దున గేటు దగ్గర పట్టుబడాల్సిన తప్పు మధ్యాహ్నం తూకం దగ్గర, పది మంది రైతులు వరుసలో నిలబడ్డాక బయటపడుతుంది. అందుకే మైపై లాంటి తనిఖీ సాధనాన్ని ప్రోగ్రాము పంపే ముందు నడపడం నేనిప్పుడు ఒక్కసారి కూడా మానను.

3.14లో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. అన్నొటేషన్‌లిబ్ అనే కొత్త భాగంలో అర్థాన్ని మూడు రకాలుగా అడగొచ్చు. అసలు వస్తువునే చూపించమనొచ్చు, పేరు దొరక్కపోతే అది ఆగిపోతుంది. దొరికినవాటిని వస్తువులుగా, దొరకనివాటిని 'ఈ పేరు ఇంకా రావాలి' అని గుర్తు పెట్టి ఇమ్మనొచ్చు. లేదా ఏమని రాశారో ఆ రాత మాత్రమే ఇమ్మనొచ్చు. పెద్దమ్మ కోడలికి ఆ రోజు రెండో దారి తెలిసుంటే, "చిన్నమామ ఎవరో అత్త వచ్చాక అడుగుతా" అని డబ్బు ఇంట్లో పెట్టుకుని ఉండేది. తెలియనిదాన్ని తెలియదని చెప్పే వీలు ఒక భాష తనలో పెట్టుకోవడం నాకు ఎంతో ఊరటగా అనిపించింది.

మా ప్రాంతం పిల్లలు చాలామంది ఇప్పుడు బెంగళూరులోనో హైదరాబాదులోనో పైథాన్ రాస్తున్నారు. ఒకప్పుడు పనుల కోసం వలసపోయిన ఇళ్ల నుంచే వచ్చారు వాళ్లు. వాళ్లకు నా విన్నపం ఒక్కటి. మీ ఫైళ్ల నెత్తిన ఆ 'ఫ్యూచర్' లైను ఇంకా ఉంటే అలవాటుగా మోసుకుపోకండి. 3.14కు మారాక, నడుస్తున్న ప్రోగ్రాము అన్నొటేషన్లను చదివే చోట్ల ఒక్కో ఫైల్లో దాన్ని తీసి చూడండి. తీశాక ఏదైనా పేరు దొరకలేదని ఆగితే, దాన్ని మళ్లీ పెట్టేసి ఊరుకోకుండా ఆ పేరు ఎవరి ఇంటిదో కనుక్కోండి. తొందరేమీ లేదు. ఆ పాత లైను ఇప్పటికీ పనిచేస్తుంది, పైథాన్ 3.13కు మద్దతు ముగిసే 2029 తర్వాతే దాన్ని తీసేసే పని మొదలుపెడతారు.